ఒక్క బల్ల వంటిల్లు

చైనా వంట అనగానే మనకు గుర్తొచ్చేది రోడ్డు పక్క బండి, ఎర్రటి గోబీ. బీజింగ్, హాంకాంగ్, చెంగ్డూ నగరాల్లో ఆ వంట కొత్త రూపు తీసుకున్నది మాత్రం పెద్ద హోటళ్లలోనే కాదు, పట్టుమని పది మంది కూర్చునే ఇళ్లలో కూడా. ఆ బల్ల మీదికి వచ్చే సరుకుల్లో చాలావాటిని నంద్యాల జిల్లా ప్యాపిలి రైతు ఎరుగును.

పొద్దు వాలేసరికి ప్యాపిలి రోడ్డు పక్కన ఫాస్ట్‌ఫుడ్ బండ్ల మీద బర్నర్లు రొద మొదలుపెడతాయి. డోన్ నుంచి గుత్తి వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీది ఊరు. లారీ డ్రైవర్లు, హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే కార్లవాళ్లు, మార్కెట్లో టమోటా దించి ఇంటిముఖం పట్టిన రైతులు, ట్యూషన్ వదిలిన పిల్లలు అందరిదీ ఆ దారే. పొద్దున ఉగ్గాని, బజ్జీ తిన్నవాళ్లే సాయంత్రానికి "అన్నా, హాఫ్ గోబీ, కారం జాస్తి ఎయ్" అంటూ నిలబడతారు.

బండి మీద సరంజామా ఏ ఊళ్లోనైనా ఒకటే. ఉడికించి నూనె పట్టించి ఆరబెట్టిన నూడుల్స్ గుట్ట, సన్నగా తరిగిన క్యాబేజీ, క్యారెట్, ఉల్లికాడలు, మూడు సీసాల్లో నల్లటి సోయా సాస్, ఎర్రటి చిల్లీ సాస్, నీళ్లలాంటి వెనిగర్. ఒక చిన్న డబ్బాలో టేస్టింగ్ సాల్ట్. మాస్టర్ చేయి తిరిగినవాడైతే రెండు నిమిషాల్లో ప్లేటు చేతికొస్తుంది. కడాయిని ఎగరేసినప్పుడు మంట అంచు దాటి లోపలికి దూకుతుంది. ఆ మంట తగిలిన వాసనే చైనా వంటలో అసలు రుచి అని దక్షిణ చైనాలోని కాంటన్ వంటవాళ్లు కూడా అంటారు. ఆ ఒక్క విషయంలో మన బండి మాస్టర్ వాళ్లకు తీసిపోడు.

అయితే ప్లేటులో ఉన్నది చైనాలో పుట్టిన వంటకం కాదు. కోల్‌కతాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో ముంబయిలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో పనిచేస్తుండగా, ఎవరో కొత్తగా ఏదైనా చేసిపెట్టమన్నారు. మన కూరకు వేసినట్టే అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి, మసాలా స్థానంలో సోయా సాస్ పోసి, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరిచాడు. అదే చికెన్ మంచూరియా. 1983లో ఆయన ముంబయిలో సొంతంగా చైనా గార్డెన్ తెరిచాడు. కోడి బదులు కాలీఫ్లవర్ వేస్తే గోబీ మంచూరియా. ఆ రుచి అక్కణ్నుంచి దేశమంతా పాకింది.

ఆయన వెనుక రెండు వందల ఏళ్ల వలస చరిత్ర ఉంది. 18వ శతాబ్దం చివర్లో హుగ్లీ ఒడ్డున చక్కెర మిల్లు పెట్టిన చైనా వ్యాపారి టాంగ్ అచ్యూ పేరుతో నేటికీ అక్కడ అచీపూర్ అనే ఊరుంది. తర్వాత వచ్చిన హక్కా చైనీయులు కోల్‌కతా టాంగ్రా ప్రాంతంలో తోళ్ల పరిశ్రమ పెట్టారు. అంతకు ముందే టిరెట్టా బజార్ చైనీయుల పేటగా మారింది. 1962 భారత్-చైనా యుద్ధ సమయంలో దాదాపు మూడు వేల మంది చైనా సంతతివాళ్లను రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి తరలించారు. పసిపిల్లలు, ముసలివాళ్లు కూడా అందులో ఉన్నారు. విడుదలయ్యాక చాలామంది కెనడా వంటి దేశాలకు వెళ్లిపోయారు. ఉన్నవాళ్లలో ఎన్నో కుటుంబాలకు హోటలే బతుకుతెరువు అయింది. మన నోటికి ఇంత రుచి అందించిన ఆ కుటుంబాలు పడిన కష్టం గురించి తెలుగులో ఇంకా రాయవలసినంత రాయలేదు.

తెలుగు నేల మీద చైనా భోజనం మొదట నగరం రుచి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని నాన్‌కింగ్, బషీర్‌బాగ్‌లోని బ్లూ డైమండ్ పాత హైదరాబాదీలకు బాగా తెలిసిన పేర్లు. అక్కడికి కుటుంబమంతా తయారై వెళ్లేవాళ్లు. ఇప్పుడు అదే రుచి మండల కేంద్రాల్లో బండెక్కింది. దానితో పాటు రంగు కూడా ఎక్కింది. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగుల వాడకాన్ని నిషేధించింది. నమూనాలు పరీక్షిస్తే హానికరమైన రంగులు బయటపడటమే కారణం. బండి వంటను తక్కువ చేయాల్సిన పని లేదు. తక్కువ ధరకు వేడివేడిగా కడుపు నింపుతోంది. కాకపోతే ప్రపంచంలోనే పెద్ద వంట సంప్రదాయాల్లో ఒకటైన చైనా వంటలో మనం చూసింది ఇంతే.

ఇంటివాడికీ ఒక కుర్చీ

హోటలు పేరు ఉండదు, మెనూ కార్డు ఉండదు. ముందుగా చెప్పి వెళ్లాలి. ఆ పూటకు ఇంటివాళ్లు ఏం వండితే అదే తినాలి. చైనాలో 'స్‌ఫాంగ్‌త్సాయ్' అని పిలిచే ఈ ప్రైవేట్ వంటిళ్ల పద్ధతి తెలుగువాళ్లకు బొత్తిగా కొత్తది కాదు. హోటళ్లు రాకముందు మన ఊళ్లలో పూటకూళ్ల ఇళ్లు ఉండేవి. కాకతీయుల నాటి ఓరుగల్లులో రూక ఇస్తే కమ్మని భోజనం పెట్టే పూటకూళ్ల ఇంటి వర్ణన 'క్రీడాభిరామం'లో ఉంది. గురజాడ 'కన్యాశుల్కం'లో పూటకూళ్లమ్మ లేకపోతే కథే నడవదు. ఇంటావిడ చేతి వంటకు డబ్బిచ్చి, ఆమె వడ్డించింది తిని రావడం మన పెద్దలకు మామూలు విషయం.

చైనాలో ఈ పద్ధతికి అందరూ చెప్పుకునే ఇల్లు బీజింగ్‌లోని థాన్ కుటుంబానిది. దక్షిణాన గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చిన థాన్ జోంగ్‌జున్ 1874 రాజ పరీక్షలో రెండో స్థానంలో నెగ్గి పెద్ద అధికారి అయ్యాడు. ఆయనకు తిండి మీద అపారమైన మక్కువ. బీజింగ్‌లో పేరున్న వంటవాళ్లను పిలిపించి, వాళ్ల మెలకువలను సొంతూరి కాంటన్ రుచులతో కలిపించాడు. ఇంటి ఆడవాళ్లు ఆ విద్య నేర్చుకున్నారు. కొడుకు థాన్ జువాన్‌చింగ్ కాలానికి ఆస్తి కరిగిపోయింది. దాంతో ఇంట్లోనే డబ్బు తీసుకుని విందులు పెట్టడం మొదలైంది. వండేది ఇంటి ఇల్లాళ్లే. అయినా దర్జా తగ్గలేదు. తినాలనుకున్నవాళ్లు థాన్ ఇంటికే రావాలి, వంటవాళ్లు బయటికి వెళ్లి వండరు. ఎంత పెద్దమనిషి విందు ఇచ్చినా బల్ల దగ్గర ఇంటి యజమానికి ఒక కుర్చీ, ఒక గిన్నె పెట్టి తీరాలి. ఆయన వచ్చి రెండు ముద్దలు రుచి చూసి వెళ్లేవాడు. డబ్బు చేతులు మారినా తాను అతిథులను పిలిచిన ఇంటివాడే తప్ప అమ్ముకునేవాడు కాదని చెప్పుకోవడానికి అంతకంటే గౌరవమైన దారి ఆయనకు దొరకలేదు. ఆ వంట 1958లో బీజింగ్ హోటల్లోకి మారింది. నేటికీ అక్కడ వడ్డిస్తున్నారు.

కమ్యూనిస్టు విప్లవం తర్వాత ప్రైవేటు హోటళ్లు కనుమరుగయ్యాయి. ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాక 1980 సెప్టెంబర్ 30న బీజింగ్‌లోని ఒక సన్నటి గల్లీలో భార్యాభర్తలు నాలుగు బల్లలతో యుయెబిన్ హోటల్ తెరిచారు. నగరంలో అదే తొలి ప్రైవేటు హోటల్. తర్వాత అయిదేళ్లకు, 1985లో, గణితం బోధించే ప్రొఫెసర్ లీ షాన్‌లిన్ తన పాత ఇంట్లో ఒక్క బల్ల వేశారు. ఆయన తాత చింగ్ వంశపు రాజదర్బారులో రాజభోజనాల వ్యవహారం చూసిన అధికారి. ఆ ఇంట్లో వంటల వివరాలు తరం నుంచి తరానికి నోటిమాటగా వచ్చాయి. కూతురు లీ లీ 1984లో టీవీ వంటల పోటీలో గెలవడంతో జనం ఆ ఇంటి తలుపు తట్టడం మొదలుపెట్టారు. మొదట్లో గది ఒక్కటి, బల్ల ఒక్కటి, పూటకు ఒక్క బృందం. ఏం కావాలని అడిగేవాళ్లు కాదు. తర్వాత్తర్వాత విదేశీ ప్రముఖులు కూడా ఆ గల్లీ వెతుక్కుంటూ వచ్చారు.

మేడ మీది గదుల్లో

హాంకాంగ్‌లో ఇది ఇంకో రకంగా పుట్టింది. 1997 ఆసియా ఆర్థిక సంక్షోభం తర్వాత వ్యాపారాలు పడిపోయాయి, ఉద్యోగాలు పోయాయి. వీధి మీద హోటల్ పెట్టాలంటే అద్దె మోయలేని భారం. అందుకని వంట తెలిసినవాళ్లు పాత భవనాల మేడల మీద ఫ్లాట్లలో నాలుగైదు బల్లలు వేసి, తెలిసినవాళ్ల ద్వారా తెలిసినవాళ్లకు వండిపెట్టడం మొదలుపెట్టారు. బయట బోర్డు ఉండేది కాదు. లైసెన్సు సంగతి చాలాచోట్ల అటూ ఇటూగానే ఉండేది. 2003లో సార్స్ వ్యాధి వచ్చి నగరం బిక్కుబిక్కుమన్న రోజుల్లోనూ ఈ చిన్న వంటిళ్లు కొన్ని నిలిచాయి.

వాటిలో పేరున్నది 'దా పింగ్ హువో'. చిత్రకారుడు వాంగ్ హాయ్, గాయని అయిన ఆయన భార్య నడిపారు. గోడల మీద ఆయన బొమ్మలు. వంటింట్లో ఆమె. సిచువాన్ వంటకాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి, చివర్లో పొయ్యి ఆర్పేశాక ఆమె బయటికి వచ్చి అతిథుల ముందు పాట పాడేది. కళా విమర్శకుడు లావ్ కిన్‌వాయ్ తెరిచిన 'ఎల్లో డోర్ కిచెన్' ఇంకొకటి. తొలి తరంలో ఎందరో వృత్తిరీత్యా వంటవాళ్లు కాకపోవడం ఇక్కడ గమనించాల్సిన సంగతి. చిత్రకారులు, పాటగాళ్లు, రచయితలు, లెక్కల మాస్టార్లు. హోటల్ వంటింట్లో నేర్పే కట్టుబాట్లు వాళ్లకు తెలియవు. నాలుక ఏది చెబితే అది వండారు. చైనా వంటలో కొత్తదనానికి ఈ అమాయకత్వం ఎంతో మేలు చేసింది.

అందులోంచి వచ్చినవాడే ఆల్విన్ లియుంగ్. లండన్‌లో పుట్టి, కెనడాలో పెరిగి, ఇంజనీరింగ్ చదివిన మనిషి. వంట సొంతంగా నేర్చుకున్నాడు. 2000ల తొలినాళ్లలో హాంకాంగ్‌లో ఒక చిన్న ప్రైవేట్ వంటిల్లు చేతిలోకి తీసుకున్నాడు. అదే ఎదిగి 'బో ఇన్నోవేషన్' అయింది, 2014 మిషెలిన్ గైడ్‌లో మూడు నక్షత్రాలు తెచ్చుకుంది. షాంఘై వాళ్ల 'షియావ్‌లాంగ్‌బావ్' ఆయన చేతిలో ఏమైందో చూడండి. అసలుది పల్చటి మైదా తొడుగులో మాంసం, వేడి రసం నింపి ఆవిరి మీద ఉడికించే కుడుము. ఆయన తొడుగు తీసేశాడు. రసంలో కాల్షియం కలిపి, సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ ద్రావణంలోకి చెంచాతో జారవిడిచాడు. రసం చుట్టూ కంటికి ఆననంత పల్చటి పొర కడుతుంది. చెంచాలో గుడ్డు సొనలా వణికే ఆ బుడగ మీద ఎర్రటి అల్లం పోగు ఒకటి. నోట్లో వేసుకుంటే పొర పగిలి, కుడుము లేకుండానే కుడుము రుచి అంతా ఒక్కసారిగా వస్తుంది.

ఆధునిక చైనా వంటలో ఇది ఒక కొస. చూసినవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. కానీ ఎక్కువ కాలం నిలిచేది రెండో కొస అనిపిస్తుంది. హాంకాంగ్‌లోనే 2009లో డానీ యిప్ తెరిచిన 'ద చైర్మన్' అందుకు సాక్ష్యం. అక్కడ ల్యాబ్ పరికరాలు లేవు. పేరు తెచ్చిన వంటకం ఒక పీత. పాత షావోషింగ్ వైన్, కోడి కొవ్వు నూనె కలిపిన పులుసులో పూల పీతను ఆవిరి మీద ఉడికించి, కింద వెడల్పాటి బియ్యపు నూడుల్స్ పరుస్తారు. పీతకంటే పులుసు పీల్చుకున్న ఆ నూడుల్స్ కోసమే మళ్లీ వెళ్లేవాళ్లున్నారు. చుట్టుపక్కల జాలర్ల దగ్గర, చిన్న రైతుల దగ్గర సరుకు కొని, సాసులు, ఊరబెట్టినవి సొంతంగా తయారుచేసుకునే ఈ హోటల్ 2021లో ఆసియా 50 ఉత్తమ రెస్టారెంట్ల జాబితాలో మొదటి స్థానంలో నిలిచింది.

తినే కలం

సిచువాన్ రాజధాని చెంగ్డూలో యూ బో, ఆయన భార్య దాయ్ షువాంగ్ నడిపిన 'యూ కుటుంబ వంటిల్లు' ఈ రెండు కొసలనూ కలిపింది. గదులు కొన్నే, ముందే చెప్పి వెళ్లాల్సిందే, మెనూ ఉండేది కాదు. కూర్చోగానే చిన్న చిన్న పలకల్లాంటి పింగాణీ పళ్లేల్లో పదహారు చల్లటి వంటకాలు వరుసగా పేర్చి ఉండేవి. ఒక్కోటి ఒకటి రెండు ముక్కలే. ఏ రెండింటి రుచీ ఒకటి కాదు, ఏ రెండింటి కోతా ఒకటి కాదు. మధ్యలో అక్షరాలు రాసే కుంచెలు వచ్చేవి. పిడి నిజమైన వెదురుదే. కొసన వెంట్రుకలుగా కనిపించేది పొరలు పొరలుగా విడిపోయేలా నూనెలో వేయించిన పిండి, లోపల మాంసం కూరిక. దాన్ని సిరాలా పక్కన పెట్టిన సాసులో ముంచి కొస కొరికి తినేవాళ్లు. సిచువాన్‌లో వంట చదివిన తొలి పాశ్చాత్యురాలిగా పేరున్న బ్రిటిష్ రచయిత్రి ఫ్యూషియా డన్‌లప్ ఈ దంపతుల గురించి రాసిన తర్వాత బయటి ప్రపంచానికి ఆ కుంచెలు తెలిశాయి.

సిచువాన్ అంటే కారం. ఆ కారం అక్కడిదీ కాదు, మనదీ కాదు. 16వ శతాబ్దంలో దక్షిణ అమెరికా నుంచి పోర్చుగీసు ఓడల్లో మిరప మన తీరానికి చేరింది. చైనా పుస్తకాల్లో 1591లో తొలిసారి కనబడినప్పుడు దాన్ని అందం కోసం పెంచే మొక్కగా రాశారు. కూరలోకి చేరడానికి ఇంకా కాలం పట్టింది. ఇవాళ గుంటూరు మిర్చి యార్డు నుంచి తేజ రకం పెద్ద ఎత్తున చైనాకు ఎగుమతి అవుతోంది. చైనా కొనుగోళ్లు మందగిస్తే ఇక్కడ యార్డులో ధర కుంగుతుంది. చైనా కొన్న ఆ మిర్చి అక్కడి సాసుల్లోకి, హాట్‌పాట్ పులుసుల్లోకి చేరుతోంది. ఆ మిర్చిలో తెలుగు రైతు చెమట ఉందని తినేవాళ్లకు తెలియకపోవచ్చు, మనకు తెలియాలి.

సిచువాన్ కారానికి జోడు అక్కడి మిరియం. నాలుకను జివ్వుమనిపించి తిమ్మిరెక్కించే చిన్న ఎర్ర గింజ తొక్క. అందులోని సాన్షూల్ అనే పదార్థం స్పర్శను గ్రహించే నరాలను కదిలిస్తుంది. పెదవి మీద రాస్తే సెకనుకు దాదాపు 50 సార్లు అదిరినట్టు అనిపిస్తుందని 2013లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు లెక్కగట్టారు. దీని చుట్టం ఒకటి మన తూర్పు కనుమల అడవుల్లోనూ పెరుగుతుంది. కొంకణ తీరంలో తిర్ఫల్ పేరుతో చేపల పులుసులో వేసేది దాన్నే. మనవాళ్ల వంటింట్లోకి మాత్రం రాలేదు.

ప్యాపిలి సంచిలో

18వ శతాబ్దపు చైనా కవి, భోజనప్రియుడు యువాన్ మేయ్ 1792లో వెలువరించిన వంట పుస్తకంలో, విందు బాగుంటే ఆ మెప్పులో ఆరు పాళ్లు వంటవాడివి, నాలుగు పాళ్లు సరుకు కొని తెచ్చినవాడివి అని లెక్క చెప్పాడు. ఒక్క బల్ల వంటిల్లు నడిచేదే ఆ నాలుగు పాళ్ల మీద. ఎంతమంది వస్తారో ముందే తెలుసు, ఎంత కావాలో తెలుసు, అందుకే పొద్దున సంతకు వెళ్లి ఆ రోజు మంచిది ఏది కనబడితే దాన్ని బట్టి వంట నిర్ణయించుకోవచ్చు. అలాంటి వంటమనిషి చేతికి ఒక సంచి ఇచ్చి నంద్యాల జిల్లాలోకి పంపితే ఏం తెస్తుంది?

మొదటిది టమోటా. ప్యాపిలి, పత్తికొండ ప్రాంతం టమోటాకు పెట్టింది పేరు. ధర పడిపోతే కోత కూలీ కూడా గిట్టక రోడ్డు మీద పారబోసిన రోజులున్నాయి. 2023 జులైలో కిలో వంద రూపాయలు దాటి దేశమంతా గగ్గోలు పెట్టిన రోజులూ ఉన్నాయి. చైనా ఇళ్లలో పిల్లలు మొట్టమొదట నేర్చుకునే వంటల్లో ఒకటి టమోటా కోడిగుడ్డు. అక్కడ ఎంబీబీఎస్ చదివి వచ్చిన తెలుగు పిల్లలకు క్యాంటీన్లో రోజూ కనబడిన కూర. మనమూ చేస్తాం, కానీ ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, టమోటా మగ్గాక అందులో గుడ్లు కొట్టి పోస్తాం. గుడ్డు పొడిపొడిగా విడిపోయి పులుసంతా పీల్చేసుకుంటుంది. వాళ్లు వరస తిప్పుతారు. కడాయి పొగలు కక్కేలా కాగాక కాస్త ఎక్కువ నూనె పోసి, గిలక్కొట్టిన గుడ్లు వేస్తే బుస్సుమని పొంగుతాయి. ఇంకా మెత్తగా ఉండగానే పెద్ద ముక్కలుగా తీసి పక్కన పెట్టేస్తారు. అదే కడాయిలో టమోటా ముక్కలు, ఉప్పు, చిటికెడు చక్కెర. రసం ఊరి చిక్కబడ్డాక గుడ్డు ముక్కల్ని తిరిగి వేసి, రెండు సార్లు కలిపి, ఉల్లికాడలు చల్లి దించేస్తారు. గుడ్డు గుడ్డుగా, రసం రసంగా ఉంటాయి. అన్నంలో కలుపుకుంటే ఇంకేమీ వద్దనిపిస్తుంది.

టేస్టింగ్ సాల్ట్ గురించి ఇక్కడే చెప్పుకోవాలి. 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచు పులుసులోంచి వేరుచేసిన గ్లుటమేట్ లవణమే అజినమోటోగా మార్కెట్లోకి వచ్చింది. 1923 నాటికి షాంఘైలో వూ యున్‌చూ దాన్ని చైనాలోనే తయారుచేయించాడు. పండిన టమోటాలో అదే గ్లుటమేట్ సహజంగా పుష్కలంగా ఉంటుంది. తీగ మీదే పండిన టమోటా చేతిలో ఉన్న వంటమనిషికి డబ్బా మూత తీయాల్సిన అవసరం తక్కువ.

రెండోది కొర్ర. ఉత్తర చైనాలో దాదాపు ఎనిమిది వేల ఏళ్ల కిందటే సాగులోకి వచ్చిన ధాన్యం. వరికంటే ముందు అక్కడి రాజ్యాలు కొర్ర తిని బతికాయి. రాయలసీమ మెట్ట పొలాల్లో ఇది పాత పంట. 1906లో మొదలైన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం నుంచే సూర్యనంది, ఎస్‌ఐఏ 3085 వంటి మేలైన కొర్ర రకాలు దేశానికి అందాయి. బీజింగ్‌లో కొత్త తరహా హోటళ్లు కొర్ర జావను చిక్కగా, పసుపుపచ్చగా కాచి, అందులో సీ కుకుంబర్ అనే ఖరీదైన సముద్ర జీవిని వేసి ఒక్కొక్కరికి ఒక్కో చిన్న గిన్నెలో ఇస్తాయి. పేదవాడి జావ, ధనవంతుడి సరుకు ఒకే గిన్నెలో. ప్యాపిలిలో సముద్రం లేదు కాబట్టి ఆ స్థానంలో నాటు పుట్టగొడుగు వేసినా, ఎముకలు బాగా ఉడికించిన నాటుకోడి రసంతో జావ కాచినా వంటకం నిలబడుతుంది.

వేరుశనగలో ప్రపంచంలో చైనా మొదటిది, మనం రెండో స్థానం. కాంటన్ వంటవాళ్లు వేరుశనగ నూనెనే ఇష్టపడతారు. సీమ ఇళ్లలో గానుగ నూనె వాసన ఎరిగినవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు. చేపను మనం పులుసు పెడతాం, లేదా వేయిస్తాం. వాళ్లు శుభ్రం చేసిన మొత్తం చేపను అల్లం ముక్కల మీద పడుకోబెట్టి, లెక్కగా కొన్ని నిమిషాలే ఆవిరి పట్టి, వచ్చిన నీళ్లు పారబోసి, సన్నటి అల్లం, ఉల్లికాడల పోగులు పరుస్తారు. కాగిన వేరుశనగ నూనె వాటి మీద చుయ్యిమనేలా పోసి, అంచున కాస్త సోయా సాస్ వదులుతారు. శ్రీశైలం జలాశయం నుంచి ఉదయం వచ్చిన చేపకు ఇంతకంటే మర్యాద ఉండదు. సిచువాన్ గవర్నరు డింగ్ బావ్‌జెన్ పేరు మీద నిలిచిన 'కుంగ్ పావ్' కోడిలోనూ ఎండుమిర్చి, తిమ్మిరి మిరియం పక్కన వేరుశనగే. పప్పులను విడిగా వేయించి, దించే క్షణంలో కలపాలి. ముందే వేస్తే మెత్తబడి వంటకం చెడుతుంది.

ఇక వడ్డన. చైనా సంప్రదాయ భోజనం బల్ల మధ్యలో పెట్టి అందరూ పంచుకునేది. కొత్త తరహా వంటిళ్లలో ఒక్కొక్కరికి విడి పళ్లెం, ఒకదాని తర్వాత ఒకటిగా వంటకాలు వస్తున్నాయి. పాతకాలం చైనీయులు కొందరికి ఇది నచ్చదు. పెద్దవాళ్లకు మంచి ముక్క తీసి పెట్టే మర్యాద పోతుందని బాధపడతారు, ఆ బాధలో న్యాయం ఉంది. విస్తరి ముందు కూర్చున్న తెలుగువాడికి మాత్రం ఎవరి ఆకు వారిదే అయినా కొసరి కొసరి వడ్డించేవాళ్లు ఉంటే పంక్తి పంక్తిలాగే ఉంటుందని తెలుసు. యూ బో పదహారు పళ్లేలు చూసినప్పుడు ఆకు మీద పచ్చళ్లు, పొడులు, వేపుళ్లు ముందుగా పరిచే మన వరస గుర్తుకు రావడం సహజం.

ఇలాంటి వంటిల్లు నడపడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. చిన్న స్థాయిలో ఇంట్లో వండి అమ్మేవాళ్లకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ సరిపోతుంది. అసలైన ఖర్చు మనిషి శ్రమ. పది మందికి ఎనిమిది వంటకాలంటే కోతకే సగం రోజు పడుతుంది. చైనా వంటలో కత్తి పని పొయ్యి పనికంటే ఎక్కువ. ముక్కలన్నీ ఒకే కొలతలో లేకపోతే ఆ మంట మీద కొన్ని మాడిపోయి కొన్ని పచ్చిగా మిగులుతాయి. అందుకే హాంకాంగ్‌లో ఈ వంటిళ్లు కొన్ని భార్యాభర్తల చేతుల మీదే నడిచాయి. సంపాదన మీదే గురి ఉన్నవాళ్లు తొందరగా మూసేశారు, లేదంటే పెద్ద హోటళ్లుగా మారిపోయారు.

భోజనం చివరికి తీపి. 1984లో హాంకాంగ్‌కు చెందిన లేయ్ గార్డెన్ తన సింగపూర్ శాఖ కోసం తయారుచేసిందని చెప్పుకునే మామిడి, పంపర పనస, సగ్గుబియ్యం పాయసం ఇవాళ చైనా అంతటా ఉంది. ఉడికించి చల్లార్చిన సగ్గుబియ్యం, మామిడి గుజ్జు, కొబ్బరి పాలు, పైన విడదీసిన పంపర పనస తొనలు. మామిడికి ప్యాపిలి వంటమనిషి ఎక్కడికీ పోనక్కర్లేదు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బనగానపల్లె మామిడి ఇదే జిల్లాది. పీచు లేని గుజ్జు ఈ పాయసానికి సరిగ్గా సరిపోతుంది. చిక్కల్లా పంపర పనసతోనే. మామిడి ఎండాకాలం పంట, పంపర పనస మన దగ్గర ఎక్కువగా దొరికేది వానలు వెనకబట్టాక. సీమలో ఆ లోటు తీర్చడానికి చీనీ ఉంది. తొక్క, పైపొర, గింజలు తీసేసి తొనలను చేత్తో విడదీసి వేయాలి. చీనీలో తీపి ఎక్కువ, పంపర పనసలోని సన్నటి చేదు ఉండదు. అందుకని చక్కెర తగ్గించి, చివర్లో ఒక నిమ్మబద్ద పిండితే రుచి సరిపోతుంది.